ఐదు లక్షల ముప్పై ఒక్క వేలు, ఒక్క గుర్రమూ పెరగలేదు

ఇక్కడ మామూలుగా వచ్చేవి మన వలస కథలు, ఇంటిపేర్ల వెనక సంగతులు, అవ్వల చేతి వంటలు. ఈసారి కారు గురించి రాస్తున్నాము. అదీ టర్బో కారు గురించి. ఏంటికంటే ఈ రెండేండ్లలో మన ఇండ్లల్లో పాతికేండ్ల లోపు పిల్లలు ముగ్గురు నలుగురు ఒకటే మాట అడిగినారు: తక్కువ దుడ్లలో ఎక్కువ గుర్రాల కారు ఎట్ల చేసుకోవాల? పెద్దవాళ్ళందరూ ఒకటే జవాబు చెప్పినారు: చేసుకోవద్దు. పిల్లలు అడిగిన తీరూ మాకు నచ్చలేదు, పెద్దవాళ్ళ జవాబూ నచ్చలేదు.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాము. చేసుకోవచ్చు. మంచి పని కూడా. కానీ దుడ్లు లెక్కపెట్టుకోని చేసే కారులో గుర్రాలు ఆఖర్న కొనాల. మొదట ఆపేవి, చల్లార్చేవి, పట్టుకునేవి కొనాల. ఆ మాట ఊరికే చెప్తే ఎవరూ వినరు కాబట్టి లెక్కతో చెప్తాము.

మాది 2011 స్కోడా లారా, 1.8 టీఎస్ఐ పెట్రోలు, ఆరు గేర్ల మాన్యువల్. కంపెనీ ఇచ్చింది 160 గుర్రాలు, 250 న్యూటన్ మీటర్ల టార్క్. టార్క్‌కి తెలుగులో మాట ఏందో మాకు తెలీదు. మేము చదివింది కన్నడ మీడియం, తెలుగు అక్షరాలు సినిమా పోస్టర్లు చూసి నేర్చుకున్నవాళ్ళం. మా చిన్నాయన మాత్రం దాన్ని "తిప్పుడు బలం" అంటాడు, అంతకంటే మంచి మాట మాకు దొరకలేదు. బండి లక్షా పదివేల కిలోమీటర్లు తిరిగింది. 3,20,000కి కొన్నాము. మొత్తం ఖర్చు ఏడు లక్షలు దాటగూడదని ఇంట్లో ఒప్పందం.

ఏడు లక్షలు ఏంటికంటే, కంపెనీ కట్టిన ఇట్లాంటి కారు ధర చూడండి. ఇదే ఇంజన్ వంశంలోని 2.0 టర్బోతో ఆక్టేవియా ఆర్ఎస్ మన దేశంలోకి 2017లో 230 గుర్రాలతో వచ్చింది. 2020లో 245 గుర్రాలతో వచ్చినప్పుడు 200 కార్లే తెచ్చినారు, ఒక్కొక్కటి షోరూం ధర 36 లక్షలకి ఒక వెయ్యి తక్కువ. మా జీతాలకి అది బొమ్మలో చూసుకునే కారు. అందుకే పాతది కొని కట్టుకోవాలని ఆశ పడేది. ఆ ఆశలో తప్పేమీ లేదు.

ఇప్పుడు మా చిన్నాయన కొడుకు వేసిన లెక్క. వాడికి ఇరవై మూడేండ్లు, తెలివైనవాడు, ఒక కాగితం మీద చక్కగా రాసి తెచ్చినాడు. కారు 3,20,000. పెద్ద టర్బో, కె04 రకం, పాతది, 75,000. ఇంజెక్టర్లు, పంపు 40,000. ఈసీయూ మ్యాపింగ్ 50,000. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేసి లావుపాటి డౌన్‌పైపు 25,000. మొత్తం 5,10,000, గుర్రాలు 260. "ఇంకా దాదాపు రెండు లక్షలు మిగుల్తాయి అక్కా" అన్నాడు. కూడిక తప్పు లేదు. ఒక్కొక్క ధర కూడా దగ్గర దగ్గర నిజమే.

మేము రెండేండ్లలో నిజంగా పెట్టిన ఖర్చు ఇది. కారు 3,20,000. ఇంజన్ ఆరోగ్యానికి 85,000. బ్రేకులు 48,000. టైర్లు 36,000. షాక్ అబ్జార్బర్లు, బుష్షులు 42,000. మొత్తం 5,31,000. గుర్రాలు మొదటి రోజు ఎన్నో ఇప్పుడూ అన్నే, 160. వాడి లెక్క కంటే ఇరవై ఒక్క వేలు ఎక్కువ పెట్టి ఒక్క గుర్రం కూడా పెంచలేదని మన చుట్టాలలో ఇది పెద్ద నవ్వులాట అయిపోయింది. మా అత్త ఒకామె "రిపేరికి తోలిన బండికి పెండ్లి చేసినట్టుండాది" అనింది. నవ్వుకోనీండి. వాడి కాగితంలో ఏవేవి లేవో ఒక్కొక్కటి చూద్దాం.

మొదటిది వేడి. టర్బో అంటే ఏంది? సైలెన్సర్‌లోకి పోయే పొగతో ఒక చక్రం తిప్పి, ఆ చక్రంతో ఇంజన్‌లోకి గాలిని తోయడం. పది గుర్రాలకి నిమిషానికి దాదాపు 450 గ్రాముల గాలి కావాల. 160 గుర్రాలకి ఏడు కిలోల చిల్లర, 260కి పదకొండున్నర కిలోల పైన. గాలిని ఒత్తితే వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొట్టినప్పుడు అడుగున చెయ్యి పెడితే కాలుతుంది గదా, అదే సంగతి. కోలారు ఎండలో 35 డిగ్రీల గాలిని రెండింతలు ఒత్తినామంటే టర్బో అవతల 130 డిగ్రీల దగ్గరికి పోతుంది. ఆ వేడిని ఇంటర్‌కూలర్ దించాల. కంపెనీ ఇంటర్‌కూలర్ 160 గుర్రాలకి చేసింది. ఒక్కసారి తొక్కితే దించుతుంది. రెండోసారి, మూడోసారి అది కూడా వేడెక్కి కూర్చుంటుంది. అప్పుడు సిలిండర్లో పెట్రోలు మంట రావాల్సిన సమయానికి కాకుండా తనంతట తానే అంటుకుంటుంది. దాన్నే నాకింగ్ అంటారు, మెకానిక్‌లు "ఇంజన్ కొడతాంది" అంటారు. ఈసీయూ దాన్ని వినిపెట్టుకోని స్పార్క్‌ని వెనక్కి తగ్గించి కాపాడుతుంది, కొంతవరకే. అది దాటితే పిస్టన్ రింగుల దగ్గర విరుగుతుంది. 50,000 మ్యాపింగ్ చేసి లక్షన్నర ఇంజన్ పని తెచ్చుకోవడం ఇట్లనే.

పెట్రోలు సంగతి కూడా దీంట్లోదే. 260 గుర్రాలు పూర్తిగా పరుగెత్తేటప్పుడు నిమిషానికి దాదాపు లీటరున్నర పెట్రోలు పోతుంది. ఇది మైలేజీ మాట కాదు, పంపు మాట. లారా ఇంజన్‌లో పెట్రోలు నేరుగా సిలిండర్లోకి, వంద బార్ల పైన ఒత్తిడితో చిమ్ముతుంది. ఆ హై ప్రెషర్ పంపు అలిసిపోతే ఒత్తిడి పడిపోతుంది, పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ, అదీ టర్బో పూర్తిగా తోస్తున్న సమయంలో. ఇంకొక చిక్కు ఏందంటే ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఎథనాల్ కలిపిన పెట్రోలు. ఎథనాల్ నాకింగ్‌ని ఆపుతుంది, అంతవరకు మేలే. కానీ లీటరుకి దాంట్లో శక్తి తక్కువ, కాబట్టి అదే పనికి ఎక్కువ లీటర్లు పోవాల. 2011 కారు రబ్బరు గొట్టాలు దానికోసం చేసినవీ కావు. అంటే ముందే అంచున ఉండే పంపు మీద ఇంకొంచెం బరువు. మ్యాప్ రాసేవాడు ఏ పెట్రోలు పోసి రాసినాడో, మనం రోజూ ఏది పోస్తామో రెండూ ఒకటే కావాల. వంద ఆక్టేన్ పోసి రాయించుకోని వచ్చి ఊర్లో మామూలు బంకులో నింపుకునేవాళ్ళని చూసినాము.

రెండోది తిప్పుడు బలం. పిల్లలు గుర్రాల సంఖ్యే చూస్తారు. ఇంజన్‌లో కనెక్టింగ్ రాడ్‌ని వంచేది, క్లచ్ ప్లేటుని జారించేది గుర్రాలు కాదు, తక్కువ ఆర్పీఎంలో ఒక్కసారిగా వచ్చే టార్క్. లెక్క సులువు: 6,000 ఆర్పీఎం దగ్గర 260 గుర్రాలు రావడానికి 305 న్యూటన్ మీటర్లు చాలు. కానీ 2,500 దగ్గరే 380 ఇచ్చేసే మ్యాప్‌లు ఉండాయి, ఏంటికంటే తొక్కగానే వీపు సీటుకి అతుక్కుంటుంది, పిల్లోడు సంతోషంగా దుడ్లు కట్టి పోతాడు. 250కి చేసిన పాత క్లచ్ అక్కడ జారుతుంది. జారినప్పుడు ఆర్పీఎం ముల్లు పైకి లేస్తుంది, బండి మాత్రం లేవదు. వాడి కాగితంలో క్లచ్ లేదు. ఫ్లైవీల్‌తో కలిపి 70,000.

మా 85,000లో ఏముండాదో కూడా చెప్పాల, ఏంటికంటే నవ్వింది ఎక్కువ దీని మీదే. ఈ ఇంజన్‌కి టైమింగ్ చెయిన్ టెన్షనర్ బలహీనమని లోకమంతా ఎరిగిన సంగతి. అది జారితే వాల్వులు పిస్టన్లని కొడతాయి, ఇంజన్ అయిపోయినట్టే. కాబట్టి కొత్త రకం టెన్షనర్, కొత్త చెయిన్. నీళ్ళ పంపు, థర్మోస్టాట్ ఉండే ప్లాస్టిక్ డబ్బా కారడం మొదలుపెట్టింది, అది మార్చినాము. పెట్రోలు నేరుగా సిలిండర్లోకి పోవడం వల్ల ఇన్‌టేక్ వాల్వుల్ని కడిగేది ఏమీ ఉండదు, కార్బన్ గట్టిగా పేరుకుంటుంది. అది గీకించినాము. ఈ తరం ఇంజన్లలో పిస్టన్ రింగులు ఇంజనాయిలు తాగుతాయి కూడా. మాది వెయ్యి కిలోమీటర్లకి ఎంత తాగుతుందో మూడు నెలలు రాసి పెట్టుకున్నాము. ఎక్కువ తాగే ఇంజన్‌కి టర్బో పెంచడం అంటే కడుపు నొప్పి మనిషికి పెండ్లి భోజనం పెట్టడం. ఆ నూనె సిలిండర్లోకి చేరితే నాకింగ్ ఇంకా సులువుగా వస్తుంది.

మా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. తమ్ముడు "అక్కా, టెస్టింగ్ నీ ఆఫీసులో పెట్టుకో" అంటాడు. కానీ ఈ పనికి మా ఆఫీసు అలవాటే ఎక్కువ పనికొచ్చింది. ఒకసారికి ఒకటే మార్పు. మార్పుకి ముందు కొలత, మార్పు తర్వాత కొలత. చవకైన ఒక ఓబీడీ వైరు, పాత ల్యాప్‌టాప్ చాలు. ఏ సిలిండర్లో స్పార్క్ ఎన్ని డిగ్రీలు వెనక్కి తగ్గింది, ఈసీయూ అడిగిన టర్బో ఒత్తిడి ఎంత, నిజంగా వచ్చింది ఎంత, లోపలికి పోయే గాలి వేడి ఎంత, పెట్రోలు ఒత్తిడి నిలబడిందా పడిందా, ఇవన్నీ బండే చెప్తుంది. టర్బో, ఇంజెక్టర్లు, డౌన్‌పైపు, మ్యాప్ ఒకే వారంలో బిగించి తర్వాత బండి కొడతా ఉంటే దేని వల్ల అని ఎవరిని అడగాల? బిగించినవాడు మ్యాప్ మీద చెప్తాడు, మ్యాప్ వాడు టర్బో మీద చెప్తాడు. మధ్యలో మన దుడ్లు.

మా తాత ఈ సంగతి ల్యాప్‌టాప్ లేకుండానే ఎరుగును. ముళబాగిలు చుట్టుపక్కల బావుల మీద ఐదు గుర్రాల డీజిల్ ఇంజన్లు బాగుచేసి బతికినాడు. రైతు ఎవరన్నా పెద్ద పంపు పెట్టమని అడిగితే ముందు ఇంజన్ కింద ఉండే సిమెంటు దిమ్మ చూసేవాడంట, తర్వాత నీళ్ళ తొట్టి చూసేవాడంట. "దిమ్మ ఊగితే ఇంజన్ నిలబడదప్పా, ముందు దిమ్మ పోయించుకో పో" అని తిప్పి పంపించేవాడు. బేరం పోయినా సరే.

మూడోది ఆపడం, మాకు అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే. మనుషులతో కలిపి 1,400 కిలోల బండి వంద కిలోమీటర్ల వేగంలో ఉంటే దాంట్లో దాదాపు 540 కిలోజౌళ్ళ శక్తి ఉంటుంది. 160 వేగంలో 1,380. వేగం ఒకటిన్నర రెట్ల పైన పెరిగితే బ్రేకులు మింగాల్సిన వేడి రెండున్నర రెట్లు పెరుగుతుంది. అదంతా నాలుగు డిస్కులు, ఎనిమిది ప్యాడ్లు, గ్లాసుడు బ్రేక్ ఆయిల్ మీద పడుతుంది. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది. పాతబడిన ఆయిల్ వేడికి మరిగి బుడగలు వస్తే పెడల్ నేలకి పోతుంది. పాత కారు కొన్నవాళ్ళలో ఆయిల్ ఎప్పుడు మార్చినారో చెప్పగలిగేవాళ్ళు మాకు చాలా తక్కువ కనబడినారు.

ఇక రోడ్డు ఏ రోడ్డు? బెంగళూరు నుంచి కోలారు, ముళబాగిలు, నంగలి మీదుగా పలమనేరు పోయే రోడ్డు మనందరికీ తెలుసు. టమాటా కాలంలో రాత్రి రెండు గంటలకి కోలారు మార్కెట్ కి పోయే లారీలు, వెనక లైటు లేని ట్రాక్టర్లు. పక్క రోడ్లలో రాగి కోతలైనాక రోడ్డు మీదనే గడ్డి పరిచి బండ్ల చక్రాలతో తొక్కిస్తారు. ఆ గడ్డి మీద బ్రేకు పట్టదు, వేడి సైలెన్సర్‌కి చుట్టుకుంటే మంట కూడా వస్తుంది. హొసకోటె నుంచి కొత్త ఎక్స్‌ప్రెస్‌వే తెరిచినాక మన పిల్లలు అక్కడ పోయి ఫోన్లో వీడియోలు తీసుకుంటా ఉండారని తెలిసింది. అక్కడ గూడా గొర్రెలు అడ్డం వస్తాయి, ఎదురుగా తప్పుదారిలో బైకులు వస్తాయి. 260 గుర్రాలు వాడుకునే చోటు మన రోడ్లలో లేదు. ఇది భయపెట్టడానికి చెప్పేది కాదు, ఆ రోడ్డు మీద నెలకి రెండుసార్లు పోయివచ్చేవాళ్ళంగా చెప్తాండాము. టైర్లకి 36,000 పెట్టింది ఆ రోడ్డు కోసమే, వానలో ఆగే దూరం కోసం. గుర్రాలతో పనిలేకుండా అందరూ పెట్టాల్సిన ఖర్చు అది.

చట్టం మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలో ఉండే వివరాలు కంపెనీ మొదట చెప్పిన వివరాలకి తేడా పడేటట్టు యజమాని బండిని మార్చగూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. అదే సంవత్సరం వచ్చిన సవరణ 182ఎ సెక్షన్‌ని మార్చి రాసింది: ఒక్కొక్క మార్పుకి 5,000 జరిమానా, లేదంటే ఆరు నెలల దాకా జైలు, లేదంటే రెండూ. రిజిస్ట్రేషన్‌కి పెట్టే ఫారం 20లో హార్స్ పవర్ అని ఒక గడి కూడా ఉండాది. "ఎవరు కొలుస్తారు అన్నా, పోలీసులు సైలెన్సర్ శబ్దం తప్ప ఏం చూస్తారు" అనేవాళ్ళకి ఒకటే మాట. పోలీసులు కొలవరు. ప్రమాదం జరిగినాక ఇన్సూరెన్స్ కంపెనీ పంపించే సర్వేయరు కొలుస్తాడు, చెప్పకుండా చేసిన మార్పు కనబడితే క్లెయిము ఆగిపోవచ్చు. ఎదుటివాడికి దెబ్బ తగిలుంటే ఆ బరువు ఇంటి మీదకి వస్తుంది, ఇల్లు అంటే చిన్నాయన పేరు మీద ఉండే రెండెకరాలు.

క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేయడం మాకు అసలు నచ్చదు, దుడ్ల సంగతి పక్కన పెట్టినా సరే. దాంతో వచ్చే లాభం పది పదిహేను గుర్రాలు. నష్టం మన వెనక స్కూటర్ మీద వచ్చేవాళ్ళు పీల్చుకుంటారు. దాన్ని "ఫ్రీ ఫ్లో" అని పేరు పెట్టి అమ్ముతారు.

అట్లని ఈ చట్టం ఇప్పుడు ఉండే తీరు సరైందని మేము అనడంలేదు. సీఎన్‌జీ కిట్ పెట్టుకోవాలంటే దారి ఉంది: కిట్‌ని ముందే పరీక్ష చేసి ఒప్పుకున్నవాళ్ళు, దాన్ని బిగించడానికి అనుమతి ఉన్నవాళ్ళు, ఆర్సీలో రాయించుకోవడం. డీజిల్ బండిని కరెంటు బండిగా మార్చే కిట్లకీ ఇదే మాదిరి దారి ఉంది. జర్మనీలో టర్బో మార్చినా, బ్రేకులు మార్చినా, టీయూవీ వాళ్ళ దగ్గర చూపించి బండి కాగితాల్లో రాయించుకుంటే రోడ్డు మీద తిరగొచ్చు. ఇన్ని గుర్రాలు పెంచితే ఇన్ని బ్రేకులు చూపించు, పొగ కొలిపించు అని అడిగే ఒక కౌంటరు మనకీ ఉంటే, పిల్లలు బ్రేకులు ముందు కొంటారు. ఇప్పుడు ఉండేది ఒక "వద్దు" మాత్రమే. వద్దు అన్నదాన్ని దొంగతనంగా చేసేటప్పుడు ఎవరూ బ్రేకుల మీద ఖర్చు పెట్టరు, బయటికి కనబడని దాని మీదే పెడతారు, మ్యాప్ మీద. మన పెద్దవాళ్ళ "వద్దు" కూడా ఇంట్లో ఇదే పని చేస్తా ఉండాది.

పెద్దవాళ్ళకి ఇంకొక మాట. ఈ పనిని "పోరంబోకు పిల్లల పని" అనడం మన చరిత్ర మనమే మర్చిపోవడం. తెలుగు నేల బయట స్థిరపడినవాళ్ళు యంత్రాలతో చేసిన పని తక్కువ కాదు. కోయంబత్తూరులో జి.డి. నాయుడు 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టినాడు. ఆ ఊర్లోనే 1937లో ఎలక్ట్రిక్ మోటారు తయారైంది. అదే కోయంబత్తూరులో మిల్లుల తెలుగు కుటుంబంలో పుట్టిన ఎస్. కరివర్ధన్ 1980ల చివర్లో ఒక రేసు కారు గీసినాడు. విదేశీ ఇంజన్ తెప్పించలేదు. మారుతి 800 ఇంజన్, 796 సీసీ, నలభై లోపు గుర్రాలది, దాన్నే ఒంటి సీటు కారుకి పెట్టినాడు. దాన్ని ఫిస్మే అనేవాళ్ళు, అందరి నోళ్ళలో ఫార్ములా మారుతి అయింది. చవక కాబట్టి పిల్లలు నడపగలిగినారు. నారాయణ్ కార్తికేయన్ మొదటి రేసు శ్రీపెరంబుదూరులో ఆ మాదిరి కారుతోనే. 2005లో అతను ఫార్ములా వన్‌కి పోయిన మొదటి భారతీయుడు. కరివర్ధన్ 1995లో చిన్న విమానం కూలి చనిపోయినాడు, కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో ట్రాక్ ఆయన పేరుతోనే ఉండాది.

ఆ కారులో మాకు నచ్చేది ఏందంటే గుర్రాల కోసం ఎగబడలేదు. బరువు తగ్గించినాడు, బండి నేలని పట్టుకునేటట్టు చూసినాడు, నలభై గుర్రాలతో నడపడం నేర్పించినాడు. తక్కువ ఖర్చులో వేగం అనేదానికి మన పక్క నుంచి వచ్చిన జవాబు అది. శివాజీనగర గుజిరీలో, చెన్నై పుదుప్పేటలో పాత టర్బో వెతికే పిల్లలకి ఈ కథ ఎవరన్నా చెప్పినారా అంటే లేదు. ఆ పిల్లలు ఆదివారం పొద్దున గ్రీజు చేతులతో ఉంటే బయటి సావాసాలకంటే అది మేలని మా నమ్మకం. నూటికి తొంబై మంది కారు బానెట్ ఎత్తకుండా బతికే కాలంలో, ఒక పిల్లోడికి వాల్వు ఎట్ల కూర్చుంటుందో తెలియడం చిన్న సంగతి కాదు. విజయవాడ ఆటోనగర్ లో ఆ పని చేసేవాళ్ళ మీద ఒక ఊరు పేరే నిలబడింది.

ఇంకా మిగిలింది 1,69,000. క్లచ్, ఫ్లైవీల్ 70,000. ఇంటర్‌కూలర్ 35,000. కంపెనీ టర్బోతోనే, క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంచి, టార్క్ 320 దాటకుండా రాసే మ్యాప్ 50,000. మిగిలిన 14,000 డైనో మీద కొలతలకి, పెట్రోలుకి. దీంతో 200 దాటుతుంది, 210 రావచ్చు. 260 రాదు. ఏడు లక్షల్లో, ఈ కారులో, నిలబడే 260 లేదు అని మా లెక్క. తమ్ముడి 5,10,000కి మేము పెట్టినవన్నీ కలిపితే, క్లచ్, ఇంటర్‌కూలర్ కూడా చేరిస్తే, ఎనిమిది లక్షల పాతికవేలు దాటుతుంది. అప్పుడది నిజమైన 260. వాడు ఉద్యోగంలో చేరి ఆ మిగతా లక్షలు సంపాదించుకున్న రోజు బిగించుకోనీ, దిమ్మ సిద్ధంగా ఉంటుంది.

పెంచిన మ్యాప్ రోడ్డు మీదకి రాదు. ట్రాక్ దినాలు ఉన్నప్పుడు చెట్టిపాళయానికో, శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైకో కంపెనీ ఫైలుతో పోవడం, అక్కడ ల్యాప్‌టాప్ పెట్టి మార్చుకోవడం, సాయంత్రం మళ్ళీ కంపెనీ ఫైలు వేసుకోని ఇంటికి రావడం. క్లచ్, ఇంటర్‌కూలర్ సంగతి ఇన్సూరెన్స్ వాళ్ళకి ముందే రాసి ఇచ్చి, జవాబు కాగితం మీద తీసుకోవాలని నిర్ణయం. "అంత కష్టపడి సంవత్సరానికి నాలుగు దినాలేనా" అంటే అవును, నాలుగు దినాలే. మిగతా దినాలు 160 గుర్రాలు అవ్వని ఆస్పత్రికి తీసుకుపోవడానికి బ్రహ్మాండంగా చాలు.

మన చుట్టాలలో లారా, సూపర్బ్, పాత ఆక్టేవియా, ఫియట్ లీనియా టీ-జెట్, ఏ టర్బో పెట్రోలు బండి ఉన్నా సరే, ఏమన్నా కొనేముందు ఒక్క పని చేయించండి. కంప్రెషన్ టెస్ట్, గంట పని, పెద్ద ఖర్చు కాదు. మావి వరసగా 12, 12, 11.5, 12 బార్లు. మీ నాలుగు సంఖ్యలు, బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో, వెయ్యికి ఎంత ఆయిలు తాగుతుందో రాసి పంపితే పక్కపక్కన పెట్టి చూద్దాం. తమ్ముడు పట్టిక తయారు చేస్తానని ఒప్పుకున్నాడు, ఆ పని వాడికే అప్పగించినాము.